రిపోర్టులన్నీ బాగున్నాయి, కడుపే బాగోలేదు

ప్రశ్న: నా వయసు 38. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిని. మూడేళ్ల క్రితం ఒక పెళ్లి భోజనం తర్వాత వాంతులు, విరేచనాలతో నాలుగు రోజులు మంచం పట్టాను. అవి తగ్గాయి గానీ కడుపు మళ్లీ మునుపటిలా కాలేదు. పొద్దున కాఫీ తాగగానే మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. ఏడు గంటల బస్సు ఎక్కేలోగా మూడు నాలుగుసార్లు వెళ్లాలి. ఒక్కోసారి బంక పడుతుంది. వెళ్లొస్తే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత రెండు రోజులు అసలు కాదు, పొట్ట డప్పులా ఉబ్బుతుంది. బడి 40 కిలోమీటర్ల దూరం. దారిలో ఎక్కడ దిగవచ్చో లెక్క వేసుకుంటూ కూర్చుంటాను. అక్కడి మరుగుదొడ్డికి గొళ్లెం లేదు కాబట్టి సాయంత్రం దాకా బిగబట్టుకుంటాను. అమీబియాసిస్ అని నాలుగుసార్లు కోర్సు వాడించారు. స్కానింగ్, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, రక్తపరీక్షలు, థైరాయిడ్ అన్నీ నార్మల్. ‘మీకేమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు. మా అత్తగారు ఇది ఆయుర్వేదంలో చెప్పే గ్రహణి రోగం అని ఒక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే ఆయన పేరు రాయని చూర్ణం పొట్లాలు ఇచ్చారు. మొదట బాగున్నా తర్వాత మలబద్ధకం ఎక్కువైంది. కార్తిక మాసంలో మాత్రం సగం తగ్గుతుంది, అది దేవుడి దయ అంటారు అత్తగారు. ఇది క్యాన్సరేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇదంతా నిజంగా నా మనసులోదేనా? ఆయుర్వేదంతో పూర్తిగా పోతుందా? రెండు వైద్యాలూ కలిపి వాడవచ్చా?

సమాధానం: మీ నిద్రను చెడగొడుతున్న ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది క్యాన్సర్‌లా కనిపించడం లేదు. మూడేళ్లుగా ఒకే తీరున వచ్చిపోయే నొప్పి, మలవిసర్జనతో తగ్గే నొప్పి, ఒకసారి పలుచగా మరోసారి గట్టిగా మారే మలం, వాటితోపాటు నార్మల్‌గా వచ్చిన కొలనోస్కోపీ, ఇవన్నీ ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ వైపు, అంటే ఐబీఎస్ వైపు, వేలు చూపిస్తున్నాయి. ఐబీఎస్‌ను నిర్ధారించడానికి వైద్యులు వాడే, 2016లో సవరించిన రోమ్ ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి, ఆ నొప్పికి మలవిసర్జనతోనో, ఎన్నిసార్లు వెళ్తున్నారన్న దానితోనో, మలం రూపం మారడంతోనో సంబంధం ఉండాలి, ఈ మూడింటిలో కనీసం రెండు కనిపించాలి, బాధ మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. మీకు ఇవన్నీ సరిపోతున్నాయి. మీది విరేచనాలూ మలబద్ధకమూ రెండూ ఉన్న మిశ్రమ రకం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మీకు పొట్లాలు ఎందుకు ఎదురుతిరిగాయో చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఐబీఎస్‌లో ఉండకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. మలంలో రక్తం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, గాఢనిద్రలోంచి లేపేసే విరేచనాలు, రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్‌గానీ పేగుల వాపు వ్యాధిగానీ ఉండటం, 45 లేదా 50 ఏళ్లు దాటాక తొలిసారిగా బాధ మొదలవడం. వీటిలో ఏ ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. రేపు ఎప్పుడైనా కనిపిస్తే మాత్రం ‘నాది ఐబీఎసే కదా’ అని సరిపెట్టుకోకుండా వెంటనే వైద్యులకు చూపించుకోండి. మీ ఇంట్లో పెద్దవారైన ఆడవాళ్లకు, అంటే 50 దాటిన వారికి, కొత్తగా ఉబ్బరమూ పొత్తికడుపు నొప్పీ మొదలైతే దాన్ని ఐబీఎస్ అనుకునే ముందు అండాశయాలను తప్పకుండా పరీక్ష చేయించాలి.

ఇక ‘మీకేమీ లేదు’ అన్న మాట గురించి. రిపోర్టు బాగున్నప్పుడు రోగికి ధైర్యం చెప్పడానికి మేము వాడే మాట అది. దానివల్ల ధైర్యం రాకపోగా మీ బాధ అబద్ధమన్న అర్థం వస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది. కొలనోస్కోపీ పేగు గోడను చూపిస్తుంది. పుండు, గడ్డ, వాపు ఉంటే కనిపెడుతుంది. పేగు ఎలా కదులుతోందో, లోపలి ఒత్తిడి నరాలకు ఎంత గట్టిగా తెలుస్తోందో అది చెప్పలేదు. గోడలకు పగుళ్లు లేవని చూసినంత మాత్రాన ఇంట్లో వైరింగ్ సరిగా ఉందని చెప్పలేం కదా. ఐబీఎస్ ఉన్నవారి పెద్దపేగు చివరి భాగంలో చిన్న బెలూన్ పెట్టి కొద్దికొద్దిగా గాలి నింపి చూసిన పరిశోధనల్లో, మామూలు మనిషి పట్టించుకోనంత సాగుదలకే వీరిలో చాలామందికి నొప్పి తెలిసింది. గ్యాస్ అందరి పేగుల్లోనూ ఉంటుంది. మీకు అది నొప్పిగా అందుతోంది.

మీ విషయంలో ఇది ఎక్కడ మొదలైందో కూడా మీరే చెప్పారు. పేగులకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి, సూక్ష్మక్రిమి పోయిన తర్వాత కూడా పేగుల తీరు మారిపోయి ఐబీఎస్ నిలిచిపోతుంది. స్త్రీలలోనూ, ఆ జబ్బు తీవ్రంగా, ఎక్కువ రోజులు ఉన్నవారిలోనూ ఇది మరింత ఎక్కువ. పెళ్లిభోజనం నాటి క్రిమి మూడేళ్లుగా మీ కడుపులో దాక్కుని లేదు. అది వెళ్లిపోతూ నరాలను ఉలిక్కిపడేలా చేసి వెళ్లింది. అందుకే అమీబియాసిస్ పేరుతో వాడిన నాలుగు కోర్సులూ పనిచేయలేదు. మన దగ్గర బంక కనిపించగానే అమీబా అనేయడం పాత అలవాటు. రక్తం లేకుండా పడే బంక ఐబీఎస్‌లో సర్వసాధారణం. మల పరీక్షలో రుజువు కానిదే ఐదో కోర్సుకు ఒప్పుకోకండి.

ఇదంతా మనసులోదేనా అని అడిగారు. కాదు, కానీ మనసుకు సంబంధం లేదని కూడా అనలేను. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. పేగుల గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలున్న సొంత నాడీవ్యవస్థ ఉంది. అది మెదడుతో రెండువైపులా మాట్లాడుతూ ఉంటుంది. పరీక్షకు వెళ్లేముందు విద్యార్థులు బాత్రూమ్ వైపు పరిగెత్తడం మీరు ప్రతి మార్చిలోనూ చూస్తూనే ఉంటారు. ఆ పిల్లల కడుపునొప్పి ఊహ కాదు, భయమూ ఊహ కాదు. ఆయుర్వేద ప్రాచీన గ్రంథం చరక సంహితలోని విమానస్థానం అనే భాగంలో ఇదే విషయం ఉంది: సరైన ఆహారాన్ని సరైన పరిమాణంలో తిన్నా చింత, శోకం, భయం, క్రోధం ఉన్నప్పుడు, సరిగా పడుకోనప్పుడు, రాత్రి మేలుకున్నప్పుడు అది అరగదని అందులో చెప్పారు. ‘టెన్షన్ తగ్గించుకోండి’ అనే సలహాలో లోపమల్లా, ఆ టెన్షన్‌కు మూలం బస్సులో మరుగుదొడ్డి లేకపోవడమైనప్పుడు దాన్ని ఎలా తగ్గించుకోవాలో చెప్పకుండా వదిలేయడమే.

మీ అత్తగారు చెప్పిన గ్రహణి మాటను నేను కొట్టిపారేయను. నేను అల్లోపతి వైద్యుడిని, ఆయుర్వేదం నా వృత్తి కాదు. అయినా చరక సంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం చదివినప్పుడు నా ఓపీ గదిలో కూర్చున్నట్టే అనిపించింది. వాతజ గ్రహణి, అంటే వాతదోషం వల్ల వచ్చే గ్రహణి, ఉన్న మనిషికి మలం ఒకసారి ద్రవంగా, ఒకసారి ఎండినట్టుగా, చప్పుడుతో, నురగతో, కష్టంగా, పదేపదే వెళ్లాల్సి వస్తుందని అక్కడ ఉంది. అంతకంటే నన్ను ఆపిన మాట ఇంకొకటి ఉంది. ఆ రోగి తనకు గుల్మమో, అంటే కడుపులో గడ్డో, గుండెజబ్బో, ప్లీహ వ్యాధో ఉందేమోనని శంకిస్తూ ఉంటాడట. మీరు రాత్రిళ్లు క్యాన్సర్ గురించి ఆలోచిస్తున్నట్టే, అప్పటి రోగులు అప్పటి పెద్ద జబ్బుల పేర్లు తలుచుకుని భయపడేవారన్నమాట. ఆ రోగానికి చెప్పిన కారణాల్లో అతిగా ప్రయాణం చేయడం ఉంది, వేళాపాళా లేని తిండి ఉంది, వేగనిగ్రహం, అంటే వచ్చిన మలమూత్ర వేగాలను ఆపుకోవడం కూడా ఉంది. రోజుకు 80 కిలోమీటర్ల బస్సు ప్రయాణం, గొళ్లెం లేని మరుగుదొడ్డి కలిస్తే ఆ జాబితాలో సగం మీ దినచర్యే.

అయితే గ్రహణి అన్నా ఐబీఎస్ అన్నా ఒకటేనని చెప్పడం తప్పవుతుంది. గ్రహణి అన్న పేరు కింద మనిషి చిక్కి శల్యమై, బలం పూర్తిగా ఉడిగిపోయే స్థితులను కూడా ఆ గ్రంథం వర్ణించింది. నేటి భాషలో వాటిలో కొన్ని తిన్నది ఒంటికి పట్టని ట్రాపికల్ స్ప్రూ కావచ్చు, గోధుమ పడని సీలియాక్ జబ్బు కావచ్చు, పేగుల క్షయ కావచ్చు. ఆ రోగాలకు వేరే చికిత్సలున్నాయి, వాటిని ఆలస్యం చేస్తే ముప్పు. అందువల్ల ‘ఇది గ్రహణి’ అన్న నిర్ధారణతోనే చూర్ణం మొదలుపెట్టడం సరికాదు. మీకు ముఖ్యమైన పరీక్షలు జరిగిపోయాయి కాబట్టి మిగిలినవి రెండే: సీలియాక్ జబ్బు కోసం టీటీజీ అనే రక్తపరీక్ష, పేగుల్లో వాపు ఉందేమో చెప్పే ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష. మొదటిది గోధుమ మానేయకముందే చేయించుకోవాలి, మానేశాక చేస్తే ఫలితాన్ని నమ్మలేం. ఈ రెండూ బాగుంటే మళ్లీ స్కోపీల జోలికి వెళ్లవద్దు.

ఇప్పుడు కార్తిక మాసం సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. దేవుడి దయ అన్న మీ అత్తగారితో నాకు వాదం లేదు, కానీ ఆ నెలలో మీ వంటింట్లో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉండవు. ఈ రెండింటిలోనూ ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు దండిగా ఉంటాయి. వాటిని అరిగించే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. ఇదే కోవకు చెందినవి మరికొన్ని చిన్నపేగులోకి నీటిని లాగుతాయి. ఇటువంటి పదార్థాలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అని పేరుపెట్టి, వాటిని తగ్గించే ఆహారపద్ధతిని ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అభివృద్ధి చేశారు. ఐబీఎస్‌కు ఆహారపరంగా ఉన్న ఆధారాల్లో ఇదే బలమైనది. మీరు ఏటా ఒక నెలపాటు తెలియకుండానే దాన్ని సగం పాటిస్తున్నారు.

ఈ పద్ధతిని జీవితాంతం పాటించాల్సిన పథ్యంగా భావించవద్దు, ఇది కొన్నాళ్లు చేసి చూసే పరీక్ష. మొదటి నాలుగు వారాలు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, బొబ్బర్లు, కాలీఫ్లవర్, పాలు, మామిడి, సీతాఫలం, పుచ్చకాయ, ఆపిల్, జీడిపప్పు ఆపండి. ఆ తర్వాత ఒక్కొక్కదాన్ని మూడు రోజులపాటు కొద్దికొద్దిగా పెంచుతూ తిని, ఏది పడుతుందో ఏది పడదో రాసుకోండి. చివరకు చాలామంది మానుకోవాల్సినవి రెండు మూడే మిగులుతాయి. ఈ రెండో దశ చేయకుండా మొదటి దశలోనే ఏళ్లకు ఏళ్లు ఉండిపోతే పోషకాలూ తగ్గుతాయి, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా తగ్గుతుంది. వీలైతే డైటీషియన్ సాయం తీసుకోండి.

తెలుగువారి వంటకు ఇది అనుకున్నంత కష్టం కాదు. బియ్యం దాదాపు పూర్తిగా చిన్నపేగులోనే జీర్ణమైపోతుంది. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటే ఆరోగ్యమన్న నమ్మకం మన ఇళ్లలో పాతుకుపోయింది గానీ, మీ కడుపుకు మాత్రం రెండు చపాతీల కంటే గిన్నెడు అన్నమే తేలిక. మామూలు ఉప్మారవ్వ కూడా గోధుమేనని మరిచిపోవద్దు, బియ్యపు రవ్వతో చేసుకోండి. కందిపప్పు, శనగపప్పు బదులు కొద్దిగా పెసరపప్పు వాడండి. పప్పును నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికిస్తే గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంత తగ్గుతాయి. పలుచని పెసరకట్టులో ఇంగువ, జీలకర్ర పోపు పెట్టి అన్నంలో కలుపుకుంటే ఉల్లిపాయ లేని లోటు తెలియదు. వెల్లుల్లి వాసన లేనిదే ముద్ద దిగదంటే, రెబ్బలను నూనెలో వేయించి రెబ్బలు తీసేసి ఆ నూనెతోనే పోపు పెట్టండి. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు. వంకాయ, క్యారెట్, బెండకాయ, టమాటా చాలామందికి ఇబ్బంది పెట్టవు. జామ, బొప్పాయి, కమలా, మరీ మగ్గని అరటిపండు తినవచ్చు.

కారం సంగతి వేరు. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ పేగుల్లో నొప్పిని గ్రహించే నరాల చివరలను తట్టిలేపుతుంది. మీ నరాలు ముందే మేలుకుని ఉన్నాయి. ఆవకాయ మీద నాకు ద్వేషం లేదు, కానీ అందులో మిరపా వెల్లుల్లీ రెండూ ఉన్నాయి. ఈ నాలుగు వారాలు జాడీని పై అరలో పెట్టేయండి.

పాలు మానమన్నాను గానీ మజ్జిగ మానమనలేదు. దక్షిణాదిన చాలామంది పెద్దల పేగుల్లో పాలచక్కెరను విడగొట్టే ఎంజైము తక్కువ. గ్లాసుడు పాలలో సుమారు 12 గ్రాముల పాలచక్కెర ఉంటుంది, పెరుగు తోడుకునేటప్పుడు అందులో కొంత తగ్గుతుంది, నీళ్లు కలిపి చిలికిన మజ్జిగలో గ్లాసుకు మరింత తక్కువ వస్తుంది. గ్రహణి రోగానికి తక్రాన్ని, అంటే మజ్జిగను, చరకుడు శ్రేష్ఠమైనదిగా చెప్పాడు. జఠరాగ్నిని పెంచుతుంది, మలాన్ని పట్టి ఉంచుతుంది, తేలికగా ఉంటుంది అన్నవి ఆయన చూపిన కారణాలు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుండి పులిసిపోయిన పెరుగుతో చేసింది మాత్రం ఆ మజ్జిగ కాదు. ఆ పూట తోడుకున్న పెరుగును చిలికి, వెన్న తీసి, మూడింతలు నీళ్లు పోసి, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి, కొద్దిగా ఉప్పు వేసుకుని మధ్యాహ్న భోజనం చివర తాగండి. అది కూడా పడకపోతే గ్రంథం చెప్పిందని మొండిగా తాగవద్దు, మీ కడుపు చెప్పిందే వినండి.

పీచు ఎక్కువ తినమని అందరూ చెబుతారు. ఏ పీచు అన్నది ఎవరూ చెప్పరు. నెదర్లాండ్స్‌లో 275 మంది ఐబీఎస్ రోగులపై చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఒక బృందానికి ఇసబ్‌గోల్ పొట్టు, ఒక బృందానికి గోధుమ తవుడు, మూడో బృందానికి మందు పేరుతో బియ్యప్పిండి ఇచ్చారు. ఇసబ్‌గోల్ మేలు చేసింది, తవుడు తిన్నవారిలో పలువురు బాధ పెరిగి మధ్యలోనే మానేశారు. ఇసబ్‌గోల్ నీటిని పట్టుకుని జిగురుగా మారుతుంది కాబట్టి పలుచని మలాన్ని కూడగడుతుంది, గట్టి మలాన్ని మెత్తబరుస్తుంది. మిశ్రమ రకానికి ఇంతకంటే పొందికైన వస్తువు నాకు తెలియదు. రాత్రి ఒక చెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి వెంటనే తాగండి, రెండు వారాల్లో మెల్లగా రెండు చెంచాలకు పెంచండి. పొడిగా నోట్లో వేసుకోవద్దు, గొంతులో అడ్డుపడుతుంది. ఇతర మందులకూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. మొదటి వారం ఉబ్బరం కాస్త పెరిగినట్టు అనిపిస్తే భయపడకండి.

మీ పొట్లాల విషయానికి వస్తే, అందులో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు. అసలు సమస్య అదే. మొదట బాగుండి తర్వాత మలబద్ధకం పెరిగిందంటే బహుశా లేత మారేడు కాయో, కొడిసెపాల చెక్కో అందులో ఉండి ఉంటుంది. రెండూ విరేచనాలను కట్టే ద్రవ్యాలు. విరేచనాలే ప్రధానంగా ఉన్నవారికి అవి తగినవి కావచ్చు. మీరు మూడు రోజులు ఒక వైపు, రెండు రోజులు మరోవైపు ఊగే మనిషి. రోజూ ఒకే కట్టే చూర్ణం వేసుకుంటే బిగుసుకుపోతారు. అలాగని త్రిఫలమో, సునాముఖి కలిపిన చూర్ణమో రోజూ వేసుకుంటే పొద్దున బస్సు తప్పిపోతుంది. సునాముఖి విరేచనకారి, దాన్ని నెలల తరబడి సొంతంగా వాడకూడదు. ఆయుర్వేదం మంచిదా కాదా అనే ప్రశ్న కంటే, ఆ వైద్యుడు మీ మలం ఏ రోజు ఎలా ఉందో అడిగాడా లేదా అన్న ప్రశ్న మీకు ఎక్కువ పనికొస్తుంది.

హింగ్వాష్టక చూర్ణాన్ని నేను అభ్యంతరపెట్టను. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము జాతి గింజలు, సైంధవ లవణం, రెండు రకాల జీలకర్రలు, ఇంగువ కలిసిన ఈ చూర్ణాన్ని నెయ్యితో మొదటి ముద్దలో కలుపుకుని తినమని శాస్త్రం. దాదాపు మన పోపుల పెట్టె అంతా అందులోనే ఉంది. ఉబ్బరం ఉన్న రోజుల్లో అర చెంచా ప్రయత్నించవచ్చు. గుండెలో మంట, అల్సర్, అధిక రక్తపోటు ఉన్నవారు మాత్రం వైద్యులను అడగనిదే వాడకూడదు.

పూర్తిగా పోతుందా అన్నారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయ వైద్యులు 169 మంది ఐబీఎస్ రోగులపై చేసి 1989లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మారేడు, బ్రాహ్మి కలిపిన ఆయుర్వేద మందు ఆరు వారాల్లో 65 శాతం మందికి, అప్పటి ఆధునిక చికిత్స 78 శాతం మందికి, ఉత్తుత్తి మందు 33 శాతం మందికి ఉపశమనం ఇచ్చాయి. విరేచనాలు ఎక్కువగా ఉన్నవారిలో ఆయుర్వేద మందు బాగా పనిచేసింది. అయితే ఆరు నెలలు దాటాక జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో రెండు మందులూ ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా లేవు. అంటే ఆయుర్వేదంతో ఉపశమనం సాధ్యమే, శాశ్వతంగా పోగొడతామని ఎవరన్నా, ఏ వైద్యంలోని వారన్నా, నమ్మవద్దు. ఐబీఎస్ ఆయుష్షును తగ్గించదు, క్యాన్సర్‌గా మారదు. కొన్నేళ్లు అణిగి ఉండి ఏదో ఒక ఒత్తిడికో, ఇన్ఫెక్షన్‌కో మళ్లీ లేస్తుంది. ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చిన రకం కాలంతోపాటు దానంతట అదే తగ్గేవారు కూడా చాలామంది ఉన్నారు.

రెండు వైద్యాలూ కలిపి వాడవచ్చు, ఒక షరతు మీద: ఒకరికి తెలియకుండా మరొకరి మందు వాడకూడదు. పేరు లేని పొట్లాన్ని ఆపేయండి. అదే వైద్యుడి దగ్గరికి వెళ్లి ద్రవ్యాల పేర్లు రాసివ్వమని అడగండి, చదువుకున్న వైద్యుడు నొచ్చుకోడు. గ్రహణికి పర్పటి మందులు ఇవ్వడం ఆయుర్వేదంలో ఉంది. వాటిలో చాలావాటిని శుద్ధి చేసిన పాదరసం, గంధకంతో తయారుచేస్తారు. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను అమెరికాలో పరీక్షిస్తే ఐదింట ఒక దానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించినట్టు 2008లో ప్రచురించారు. సీసం తెచ్చే మొదటి బాధల్లో కడుపునొప్పి, మలబద్ధకం ఉంటాయన్నది మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీరు ఆ పొట్లాలు ఆరు నెలలకు మించి వాడి ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవడం అనవసర ఖర్చు కాదు.

మా వైపు మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. మెలిపెట్టే నొప్పికి మెబెవెరిన్ వంటి మందులు, పేగులో కరిగే పిప్పర్‌మెంట్ నూనె క్యాప్సూళ్లు కొంత పనిచేస్తాయి. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజో, దూరప్రయాణమో అయితే విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్ర ఒకటి ముందుగా వేసుకోవడానికి మీ వైద్యుల అనుమతి తీసుకుని హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోండి. చాలామందికి ఆ మాత్ర బ్యాగులో ఉందన్న ధైర్యమే సగం మందు. జ్వరం, రక్తం ఉన్నప్పుడూ, మలబద్ధకం ఉన్న రోజుల్లోనూ దాన్ని వాడకూడదు. ఇవేవీ చాలకపోతే మీ వైద్యులు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాయవచ్చు, ఇది డిప్రెషన్‌కు కూడా వాడే మందు. మందుల చీటీ చూసి ‘నాకు పిచ్చి మందు ఇచ్చారు’ అని చించేసినవారు నాకు తెలుసు. డిప్రెషన్‌కు వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ చిన్న మోతాదు పేగుల నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను తగ్గించడానికి. 463 మంది రోగులతో ఇంగ్లండులో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలల తర్వాత కూడా దాని మేలు కనిపించింది. నోరు ఎండడం, మత్తు, కాస్త మలబద్ధకం రావచ్చు కాబట్టి మీకు ఇసబ్‌గోల్ తోడు ఉండాలి.

చివరగా పొద్దుటి గంట గురించి. తిన్నా, తాగినా పెద్దపేగు కదలడం సహజం. నిద్ర లేచాక అది మరింత చురుగ్గా ఉంటుంది. కాఫీ దాన్ని ఇంకా తరుముతుంది. మీరు ఆరున్నరకు ఖాళీ కడుపున కాఫీ తాగి ఏడింటికి బస్సు ఎక్కాలనుకుంటున్నారు. ఐదున్నరకల్లా లేచి, గోరువెచ్చని నీళ్లు తాగి, ఆరులోపే రెండు ఇడ్లీలు తిని, కాఫీని బడి విరామానికి వాయిదా వేసి చూడండి. పేగు తన పని ఇంట్లోనే చేసుకోవడానికి అరగంట దొరుకుతుంది. సాయంత్రం ఒక అరగంట నడక, పడుకునే ముందు పది నిమిషాలు పొట్ట పైకీ కిందికీ కదిలేలా నెమ్మదిగా శ్వాస తీసుకోవడం మొదలుపెట్టండి. బడి మరుగుదొడ్డికి గొళ్లెం పెట్టించమని ప్రధానోపాధ్యాయులను మీరొక్కరే అడగడానికి మొహమాటపడితే, తోటి ఉపాధ్యాయినులతో కలిసి రాతపూర్వకంగా అడగండి. ఆ గొళ్లెం నేను రాసే ఏ మందు కంటే తక్కువ ఖరీదు, పైగా అక్కడి ఆడపిల్లలకూ అవసరం.

ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజుకు ఒక వరుస రాయండి: ఏం తిన్నారు, ఎన్నిసార్లు వెళ్లారు, మలం ఉండలుగా ఉందా, మెత్తగా ఉందా, నీళ్లలా ఉందా, నొప్పి ఎంత, నెలసరి ఏ తేదీ. నెలసరి రోజుల్లో ఐబీఎస్ పెరగడం మామూలే, అది తెలియక ఆ వారం తిన్న ప్రతిదాన్నీ అనుమానించేవారున్నారు. ఆరు వారాలు నిండాక ఆ పుస్తకాన్నీ, పొట్లాల్లోని ద్రవ్యాల చీటీనీ తీసుకుని మీ వైద్యుల దగ్గరికి వెళ్లండి. పాత రిపోర్టుల ఫైలు ఇంట్లోనే ఉంచినా ఫరవాలేదు.